ఒకరు ఓడిన అందరు ఓడు ఆట

మన యిండ్లలో ఆటలకు కొదువ లేదు. వర్షాకాలపు మధ్యాహ్నమున అరుగుమీద అష్టాచెమ్మ గళ్లు గీయని పల్లె లేదు. అటకమీదనుండి వామనగుంటల పీటను దింపింపని అమ్మమ్మ లేదు. జాగరపు రాత్రులలో వైకుంఠపాళి పటము పరచుకొని, నిచ్చెన యెక్కి నవ్వుచు, పాము నోట బడి నిట్టూర్చుచు ప్రొద్దుపుచ్చుట మన పెద్దల అలవాటు. ఈ యాటలన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. ఒకరు గెలిచినచో మరియొకరు ఓడి తీరవలెను. గెలుపు అనగానే ఎదుటివాని ఓటమి మనకు స్ఫురించుట బహుశః ఈ యాటల వలననే కాబోలు.

అందరును కలిసి గెలుచుట, లేదా అందరును కలిసి ఓడుట తప్ప మూడవ దారి లేని ఆటలును లోకమున కలవు. అట్టి యాట నొకదానిని వెంటబెట్టుకొని మేము ఇటీవల తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో మూడు సాయంకాలములు గడపితిమి. ఆ యాట పేరు ‘డేబ్రేక్’, అనగా వేకువ. భూమి వేడెక్కుటను నలుగురు కూడి ఆపవలెననుట దాని విషయము. ఆ యాట ఎట్లుండునో, మూడు ఊళ్లలో మేమెట్లు ఓడితిమో, తుదకు దానినుండి ఏమి తెలిసికొంటిమో శ్రోతలకు, పాఠకులకు విన్నవించుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

కలిసి ఆడుట యనగా నేమో తెలియుటకు ముందు మన పులిజూదమును తలచుకొందము. ఒకరికి మూడు పులులు, వేరొకరికి పదునైదు మేకలు. మేక వెనుక గడి ఖాళీగా నున్నచో పులి దానిమీదుగా దుమికి దానిని చంపును. వెనుక మరియొక మేక నిలిచి యున్నచో పులి దుముకలేదు. కావున మేకల పక్షమున ఆడువాడు ఏ మేకను ఒంటరిగా విడువరాదు. మేకకు కొమ్ముల వలన గాక, వెనుక నిలిచిన తోడు వలన ప్రాణరక్షణ కలుగుచున్నది. ఇప్పుడొక చిన్న మార్పు ఊహింపుడు. మేకల పక్షమున ఒక్కరు గాక నలుగురు కూర్చుండిరి. పులుల పక్షమున మనుష్యుడే లేడు. పులి తనంతట తానే కదలునట్లు నియమములు వ్రాసి యుంచినారు. అదియే సహకారపు ఆట. అందు ఆటగాండ్రకు శత్రువు ఆటయే.

అమెరికాకు చెందిన మాట్ లీకాక్ అను రూపకర్త 2008లో ‘ప్యాండమిక్’ అను ఇట్టి యాటను వెలువరించెను. దేశదేశములకు ప్రాకు అంటువ్యాధులను ఆటగాండ్రందరు కూడి అరికట్టుట అందలి విషయము. అతడే మాటియో మెనాపేస్ అను మరియొక రూపకర్తతో కలిసి కూర్చిన డేబ్రేక్ 2023లో వెలువడినది. ఆటలలో అనుభవము గలవారి కొరకు ఏటేట ఉత్తమమైన ఆట నెన్నుకొని జర్మనీ దేశమున నొసగు ‘కెన్నర్‌స్పీల్ దెస్ యారెస్’ అను బహుమానము 2024లో దీనికి లభించినది.

ఈ యాటను ఒక్కరు మొదలు నలుగురు వరకు ఆడవచ్చును. నలుగురైనచో ఒకరు చైనా, ఒకరు అమెరికా, ఒకరు ఐరోపా, నాల్గవవారు తక్కిన లోకము. లోకమున అధికసంఖ్యాకులు ఈ నాల్గవ భాగముననే కలరు గనుక దానికి ఆ యర్థము వచ్చు పేరే పెట్టినారు. మన భారతదేశము అందే చేరును. ప్రతివారి యెదుటను ఒక పలక యుండును. ఆ దేశమునకు ఎంత విద్యుత్తు కావలెను, అందు బొగ్గు, చమురుల వలన వచ్చున దెంత, ఎండ, గాలుల వలన వచ్చున దెంత, వాహనములు, కర్మాగారములు, సేద్యము మున్నగువాని వలన పుట్టు పొగ యెంత అనునది ఆ పలకమీద బిళ్లలుగా పేర్చి యుందురు.

ఆట ఆరు వరుసలు నడచును. ప్రతి వరుసలోను మొదట అందరును ఆలోచించి, లోకమంతటికి ఉపకరించు పని నొకదానిని ఎన్నుకొందురు. పిమ్మట ఎవరి కార్డులు వారు పుచ్చుకొని, ఒకరి వంతు కొరకు ఒకరు వేచియుండ నక్కరలేకుండ, ఏకకాలమున తమ తమ దేశములలో పనులు చేయుదురు. బొగ్గుతో నడచు విద్యుత్తును తగ్గించి, ఎండతో నడచునది పెంచవచ్చును, రైళ్లు వేయవచ్చును, ఆపదను తట్టుకొను శక్తిని కూడబెట్టుకొనవచ్చును. మూడవ ఘట్టమున లెక్క తేలును. ఎవరెంత పొగ విడిచినారో అన్ని చిన్న ఘనములు నడుమకు వచ్చును. వానిలో కొన్నిటిని అడవులు, కొన్నిటిని సముద్రములు పుచ్చుకొనును. మిగిలినవి ఉష్ణమాపకము మీదికి ఎక్కును. వేడి పెరిగిన కొలది ఆపదలు పెరుగును. నాల్గవ ఘట్టమున ఆ యాపదలు వచ్చి పడును. అంతట విద్యుత్తు అక్కర మరికొంత పెరిగి, క్రొత్త వరుస మొదలగును.

అందరును విడుచు పొగ, అడవులు, సముద్రములు పుచ్చుకొనగల పాటికి దిగి, ఆ వరుసలోని ఆపదలను గూడ తట్టుకొని నిలిచినచో ఆటగాండ్రు గెలిచినట్లు. ఓడుటకు మాత్రము మూడు దారులు. వేడి రెండు డిగ్రీల హద్దు దాటుట ఒకటి. ఆరు వరుసలు ముగిసినను లెక్క సరిపడకుండుట రెండవది. మూడవదియే మమ్ము మిక్కిలి ఆకర్షించినది. ప్రతి దేశపు పలక క్రింద, ఆపదలో చిక్కిన జనసమూహములను లెక్కించు వరుస యొకటి కలదు. ఏ యొక్క దేశమునందైనను ఆ లెక్క 12కు చేరినచో ఆ దేశమే కాదు, నలుగురును ఓడినట్లే.

ఈ లెక్క కేవల మాటకొరకు కల్పించినది గాదు. మానవులు విడుచు బొగ్గుపులుసు వాయువులో సుమారు సగమును నేల, చెట్లు, సముద్రములు పుచ్చుకొనుచున్నవి. మిగిలినది గాలిలో పేరుకొనుచున్నది. యంత్రయుగమునకు పూర్వము గాలియందు పది లక్షల పాళ్లలో సుమారు 280 పాళ్లుగా నున్న ఈ వాయువు, చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు 1958లో హవాయి దీవులలోని మౌనాలోవా పర్వతముమీద కొలుచుట ప్రారంభించునాటికి 315 ప్రాంతమునకు వచ్చినది. నేడు 420 దాటినది. ఇది చెరువువంటిది. వచ్చు కాలువ పెద్దది, పోవు తూము చిన్నది. కాలువను సగము మూసినను, తూముకంటె అది పెద్దదిగా నున్నంతకాలము మట్టము పెరుగుచునే యుండును. మునుపటికంటె మెల్లగా పెరుగును, అంతియే. రాకయు పోకయు సరియైన నాడే మట్టము నిలుచును. ఆటలో గెలుపు అను పేర నున్నది ఈ సరితూకమే. 2015లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడికలో దేశములు కోరిన హద్దు రెండు డిగ్రీలకు చాల దిగువ, సాధ్యమైనచో ఒకటిన్నర డిగ్రీ. 2024వ సంవత్సరపు సగటు వేడి, యంత్రయుగపు పూర్వకాలముకంటె సుమారు 1.55 డిగ్రీలు హెచ్చని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కగట్టినది. ఒక్క సంవత్సరపు లెక్కతో ఆ హద్దు శాశ్వతముగా దాటినట్లు కాదు గాని, చెరువు కట్టమీదికి నీరు వచ్చుచున్నదని మాత్రము తెలియవలెను.

ఇక మా మొదటి సాయంకాలము. కాలువల నడుమ నున్న తెనాలిలో ఒక మిత్రుని యింట పటము పరచితిమి. ఆడినవారు పనినుండి విరమించిన ఉపాధ్యాయులొకరు, వారి కోడలు, కళాశాలలో చదువుచున్న మనుమరాలు, పొరుగింటి వ్యాపారి. ఉపాధ్యాయులవారు అమెరికా పలకను పుచ్చుకొని, మూడు వరుసలలో బొగ్గు బిళ్లలను చాలవరకు తొలగించి, మిక్కిలి సంతోషించిరి. “నా పలక నేను శుభ్రం చేసుకున్నాను. మీ మీ పలకలు మీరు చూసుకోండి” అని వారి మాట. పొరుగాయనయు అట్లే తలవంచుకొని తన లెక్క తాను చూచుకొనుచుండెను. ఉష్ణమాపకము మెల్లగానే యెక్కుచున్నది. గెలుపు చేతికి వచ్చినదని మేమును తలచితిమి. నాల్గవ వరుసలో ఒక కరువు, వెంటనే ఒక వరద వచ్చినవి. మనుమరాలి పలక క్రింద లెక్క 12 అయినది. ఆట ముగిసినది.

తాతగారు ఆశ్చర్యపడి, “పదిదాకా వచ్చిందని ముందే చెప్పలేదేమమ్మా?” అని అడిగిరి. ఆ పిల్ల పటమువంకనే చూచుచు, “మీరు అడగలేదుగా తాతయ్యా. అందరూ పనిలో ఉన్నారు” అన్నది.

ఆ మాట విన్న పిమ్మట అందరును కొంతసేపు మిన్నకుండిరి. పటముమీద దాపరికమేదియు లేదు. లెక్క అందరి కన్నుల యెదుటనే యున్నది. ఉపాధ్యాయులవారి చేత అక్కరకు మించిన శక్తి యున్నది. ఇతరులకు తోడ్పడు కార్డులును ఆ యాటలో కలవు. అడిగియున్న ఇచ్చెడివారే. తన కష్టమును చెప్పుకొనుటకు సిగ్గుపడినవారొకరు. ప్రక్కవారి కష్టమును అడుగుట మరచినవారు ముగ్గురు. ఓటమికి అంతకు మించిన కారణము లేదు.

రెండవ సాయంకాలము బాపట్లలో. 1945లో స్థాపింపబడిన వ్యవసాయ కళాశాల వలన ఆ ఊరికి సేద్యపు విద్యలో పేరు కలదు. 1986లో విడుదలయై ఆంధ్రుల యన్నములో అగ్రస్థానమును పొందిన సాంబమసూరి వరికి బీపీటీ 5204 అను పేరునందున్న మూడక్షరములు బాపట్లవే. అక్కడ మాతో ఆడినవారు సేద్యపు విద్య చదువుచున్న యువకులిద్దరు, యువతులిద్దరు. తెనాలి కథ చెప్పితిమి గనుక వీరు మౌనముగా నుండలేదు. మాటలకు లోటే లేదు. ఆటలోని సేద్యపు బిళ్ల నెత్తి చూపి, నీరు నిలిచిన వరిమడినుండి మీథేన్ అను వాయువు పుట్టుననియు, మడిని అప్పుడప్పుడు ఆరగట్టి మరల తడిపినచో అది తగ్గుననియు, నీరును మిగులుననియు వారే మాకు బోధించిరి.

అయితే ఇక్కడ వేరొక చిక్కు వచ్చినది. నలుగురిలో చురుకైన యువకుడొకడు అందరి పలకలను తానే చూచుచు, “నువ్వు ఈ కార్డు వెయ్యి, నువ్వు అది పక్కన పెట్టు” అని శాసింప నారంభించెను. అతని లెక్కలు తప్పు కావు. మొదటి మూడు వరుసలు చక్కగానే నడచినవి. తక్కినవారు క్రమముగా ఆలోచించుట మానివేసిరి. ఆరవ వరుస ముగిసినప్పుడు లెక్క సరిపడుటకు మూడే ఘనములు తక్కువ. అప్పుడొక యువతి తన చేతి కార్డు నొకదానిని బయటపెట్టెను. అడవులను పెంచు కార్డది; రెండు వరుసల క్రిందటనే వేసియున్న ఆ మూడును తీరియుండెడివి. “ఉందని చెప్పొచ్చు కదా” అని యువకుడు నొచ్చుకొనెను. “నువ్వు చెప్పింది వెయ్యడమే సరిపోయిందిరా. నా చేతిలో ఏముందో నువ్వు ఒక్కసారైనా అడిగావా?” అని యామె నవ్వుచునే అన్నది.

సహకారపు ఆటలలో ఇది తరచుగా వచ్చు లోపము. ఒకరి పెత్తనము క్రింద పదిమంది పనిచేయుట సహకారముగా కనబడును గాని, అందు పది బుద్ధులు గాక ఒక్క బుద్ధియే పనిచేయును. ఆ ఒక్కని కంట పడనిది ఎవరి కంటను పడదు. తెనాలిలో మాట లేక ఓడితిమి. బాపట్లలో వినుట లేక ఓడితిమి.

మూడవ సాయంకాలమునకు రేపల్లె చేరితిమి. అక్కడ ఆడుటకు కూర్చున్నవారు ఆంగ్లము చదువరు. కార్డులన్నియు ఆంగ్లమున నున్నవి. ఒక్కొక్కదానిని చదివి తెనిగించుచు పోయినచో తెల్లవారును. అందుచేత ఆ పెట్టెను మూసివేసి, దాని సారమును పట్టుకొని, చింతగింజలతో ఒక చిన్న ఆటను అమర్చుకొంటిమి. మన పాఠకులు పైకము వెచ్చింపకయే ఇంట ఆడుకొనదగినది గనుక ఆ పద్ధతి యిక్కడ వ్రాయుచున్నాము.

నలుగురు వరుసగా కూర్చుండి ఒకటి మొదలు నాలుగు వరకు సంఖ్యలు పెట్టుకొనవలెను. ప్రతివారికి సుద్దతో మూడు ఇండ్లు గీయవలెను. ప్రతివారి యెదుటను అయిదు చింతగింజలు. అవి వారు ప్రతి వరుసలోను విడుచు పొగ. నడుమ ఒక ముంత. అది ఆకాశము. ప్రతి వరుసలోను ఒక్కొక్కరికి ఒక్క గులకరాయి లభించును. అది వారి శ్రమ. ఆ రాతితో తమ గింజలలో ఒకదానిని శాశ్వతముగా తీసివేయవచ్చును, లేదా ఒక గట్టు వేసికొనవచ్చును, లేదా రాతిని ఇంకొకరికి ఇచ్చివేయవచ్చును. అయితే ఎవరును తమ గింజలన్నిటిని తీసివేయరాదు, ఒక్కటైనను మిగులవలెను. పిమ్మట అందరి యెదుట మిగిలిన గింజలను లెక్కించి, ఆ లెక్కనుండి ఎనిమిదిని అడవికి, సముద్రమునకు విడిచి, మిగిలినన్ని గింజలను ముంతలో వేయవలెను.

అంతట గాలివాన. నాలుగు గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిల పడునో ఆ సంఖ్య గలవారిమీద తుపాను వచ్చినట్లు. ఒక్కటియు వెల్లకిల పడకున్న తుపాను తప్పినట్లు. గట్టు ఉన్నచో గట్టు తెగును. లేనిచో ఒక ఇల్లు పడును. ముంత ఖాళీగా నున్నను ఒక తుపాను తప్పదు. ముంతలో పదేసి గింజలు చేరిన కొలది ఒక్కొక్క తుపాను ఎక్కువగును. ఏ యొక్కరి ఇండ్లు మూడును పడినను, ముంతలో గింజలు 30 అయినను, ఆరు వరుసలు ముగిసినను అందరును ఓడినట్లు. అందరి గింజలును కలిసి ఎనిమిదికి దిగి, ఆ వరుసలోని తుపానుకు కూడ నిలిచినచో అందరును గెలిచినట్లు.

ఆడుటకు కూర్చున్న పిమ్మట మాకొక విషయము తెలిసినది. నాలుగు గవ్వలు వేసినప్పుడు రెండు వెల్లకిల పడుట తరచు. నాలుగును పడుట మిక్కిలి అరుదు. అనగా రెండవ స్థానమున కూర్చున్నవానిమీద గాలివాన పలుమారులు విరుచుకొనిపడును. నాల్గవ స్థానము నీడపట్టు. ఇది అన్యాయమని మేము నియమమును మార్చబోగా, ఆటలోని పడుచు జాలరి మమ్ము వారించెను. “ఉండనివ్వండి బాబుగారూ. సముద్రం ఒడ్డున ఇల్లున్నవాడికీ ఊళ్లో మేడ ఉన్నవాడికీ గాలి ఒకేలా కొడుతుందా?” అని తానే రెండవ స్థానమున కూర్చుండెను. పొగ విడుచునది అందరు. దెబ్బ తినునది కొందరు. లోకమందలి ఈ అసమానత మా గవ్వలకును తెలిసినట్లున్నది.

నాల్గవ స్థానమున ఒక వృద్ధురాలు కూర్చుండెను. ఆమె పుట్టిల్లు కృష్ణ కావలి యొడ్డున, దివిసీమలో. రెండు వరుసలు గడచునప్పటికి జాలరివాని యింటిలో ఒకటి పడినది. మూడవ వరుసలో రెండవది పడినది. ఎవరును అడుగకమునుపే ఆమె తన గులకరాతిని అతని ముందుకు నెట్టెను. అతడు మొగమాటపడి, “వద్దు మామ్మగారూ, మీకు ఒక్క గట్టు కూడా లేదు. మీది మీరే ఉంచుకోండి” అనెను.

“నా వైపు గాలి ఎప్పుడోగాని రాదు కదా నాయనా. నీ ఇల్లు పడితే ఆట నాకు మాత్రం మిగులుతుందా? గాలి వచ్చాక గట్టు వేసేదేముంది? ఇప్పుడే వెయ్యి” అని ఆమె రాతిని మరికొంత ముందుకు జరిపెను. తరువాత మెల్లగా, “ఆ కార్తీకంలో మా ఊరికి ఆ మాట ముందుగా అందలేదు” అని మాత్రము చెప్పి ఊరకుండెను.

ఆమె చెప్పినది 1977 నవంబరు 19వ తేదీ మాట. ఆనాటి ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున దివిసీమమీదికి వచ్చినది. సుమారు పదివేలమంది చనిపోయిరని ప్రభుత్వపు లెక్క. 1990 మే 9వ తేదీన దాదాపు అంతటి బలముగల తుపానే కృష్ణ ముఖద్వారపు ప్రాంతమున తీరము దాటినది. ఆ పర్యాయము మృతులు వేయికి లోపు. ఆ ప్రాణములును విలువ లేనివి కావు. కాని ఈ రెండు సంఖ్యల నడుమనున్న వ్యత్యాసము గాలి దయ వలన వచ్చినది గాదు. ముందుగా కనిపెట్టిన వాతావరణ శాఖ, మరల మరల హెచ్చరించిన రేడియో, లక్షలాది ప్రజలను తరలించిన ఉద్యోగులు, తీరమున కట్టిన తుపాను రక్షణ భవనములు, తలుపు తెరచి చోటిచ్చిన మెరక ఊళ్లవారు — వీరందరి చేతిపని యది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. పంటకు నష్టము మిక్కుటము. తీరపు జనులను మాత్రము ముందే తరలింపగలిగిరి. మా వృత్తికి సంబంధించిన మాట గనుక చెప్పుచున్నాము. ముందుగా అందిన ఒక్క వార్త, తరువాత పంపిన వేయి బస్తాల బియ్యముకంటె విలువైనది.

ఏ యొక్క తుపానును చూపి ఇది వాతావరణ మార్పు వలననే వచ్చినదనుట తొందరపాటు. వెచ్చనైన సముద్రము తుపానుకు ఎక్కువ బలమిచ్చును. వెచ్చనైన గాలి ఎక్కువ తేమను మోసి ఎక్కువ వాన కురియును. సముద్రమట్టము పెరిగిన కొలది ఉప్పెన మరింత లోపలికి చొచ్చును. ఇంతవరకు నిశ్చయముగా చెప్పవచ్చును. అందువలననే పొగ తగ్గించుటయా, గట్టు వేయుటయా అను ప్రశ్నకు ఒక్క ప్రత్యుత్తరము లేదు. గట్లే వేయుచు కూర్చున్నచో ముంత నిండును. గింజలే తీయుచు కూర్చున్నచో ముంత నిండకమునుపే ఎవరి యిల్లో కూలును. రెండింటికిని ఉపకరించు పనులును కొన్ని కలవు. కృష్ణ ముఖద్వారముననున్న మడ అడవులు అట్టివి. అవి పొగనూ పుచ్చుకొనును, అలకూ అడ్డు నిలుచును. చెడిపోయిన మడ అడవులకు చేపముల్లు ఆకారమున చిన్న కాలువలు త్రవ్వి, ఆటుపోటు నీరు మరల పారునట్లు చేసి వానిని పునరుద్ధరించు పద్ధతిని స్వామినాథన్ పరిశోధన సంస్థవారు మన తీరమున ఆచరణలో చూపినారు.

రేపల్లెలో ఆట అయిదవ వరుసలో ముగిసినది. అప్పటికి ముంతలో 25 గింజలు. జాలరివాని కొక్క ఇల్లే నిలిచినది. ఆ ఇంటికి ఇతరులు వేసిన గట్లు రెండు. ఆఖరి తుపాను కూడ అతనిమీదికే వచ్చి ఒక గట్టును తెంచుకొని పోయినది. అందరి గింజలును కలిపి లెక్కింపగా ఎనిమిది. ఎవరు గెలిచిరని గుమ్మములో నిలిచి చూచుచున్న పిల్లవాడొకడు అడిగెను. ఒక్కరిని చూపి చెప్పుటకు ఎవరికిని వేలు రాలేదు.

ఈ మూడు ఊళ్లకును ఒకే కృష్ణనీరు. 1855లో బెజవాడ వద్ద కట్టిన ఆనకట్ట నాటినుండియు, 1957లో దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వచ్చిన పిదపను, పడమటి కాలువల నీరు ఎగువ ఊళ్లను తడిపి తీరపు శివారు భూములకు చేరవలెను. ఎగువవాడు తన మడి నిండిన పిదపను తూము తెరచియే యుంచినచో శివారువాని నారు ఎండును. ఎగువవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. దిగువకు చూడకున్న చాలును. తెనాలి తాతగారి ఓటమియు అట్టిదే. కాలువ క్రింద సేద్యము చేయు రైతునకు ఆ యాట క్రొత్తగా నేర్పునది లేదు. తెలిసినదానినే పెద్ద పటముమీద చూపును.

ఆటకును లోకమునకును గల భేదమును దాచరాదు. ఆటలో నలుగురును కడవరకు కూర్చుందుమని ఒప్పుకొని కూర్చుందురు. లోకమున లేచిపోవువారును కలరు. పారిస్ ఒడంబడికనుండి వైదొలగుదుమని అమెరికా ప్రభుత్వము 2017లో ఒకసారి ప్రకటించి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మరల వైదొలగుదుమని ప్రకటించినది. మన దేశము 2070 నాటికి తన లెక్కను సరితూకమునకు తెత్తునని 2021లో గ్లాస్గో సభలో మాట యిచ్చినది. ఆటలో వరుస పూర్తియగుటకు పావుగంట చాలును. లోకమున ఒక్కొక్క వరుసకు ఏండ్లు పట్టును, నడుమ ఎన్నికలు వచ్చును, మాట యిచ్చినవారు మారుదురు. ఓడిన పిదప గింజలు మరల పంచుకొని కూర్చుండుట ఆటలో సాధ్యము. పటము ఒక్కటియే యైనచోట అది సాధ్యము గాదు.

అయినను ఆట నిష్ప్రయోజనము గాదు. సహకారమనగా మంచి మనస్సని మనము సాధారణముగా తలచుదుము. మూడు సాయంకాలములలోను మంచి మనస్సులకు కొరత లేదు. అయినను రెండుమారులు ఓడితిమి. సహకారము ఒక అభ్యాసము. తన లోటును తల దించుకొనక చెప్పుట, ఎదుటివాని చేత నేమున్నదో అడుగుట, పడిపోవుటకు అందరికంటె దగ్గరగా నున్నవానివైపు మొదట చూచుట, అడుగకమునుపే ఇచ్చుట — ఇవి ఈత వలె, సంగీతము వలె సాధన చేతనే వచ్చును. నిజమైన గాలివాన నాడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.

మన యిండ్లలో చింతగింజలున్నవి, గవ్వలున్నవి, అరుగులున్నవి. వచ్చు ఆదివారము రేడియో కార్యక్రమములు ముగిసిన పిదప నలుగురు కూర్చుండి ఆడి చూడుడు. రెండవ స్థానమున ఇంటి పెద్దను కూర్చుండబెట్టుడు. ఎవరి చేయి మొదట ఆ వైపునకు సాగునో గమనింపుడు.